క్లాష్ రాయల్‌లో ఎవరు ఎదురైనా నిలబడే ఒకే డెక్‌ను ఎలా కూర్చుకోవాలి?

హాలియా కుర్రాడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లాలో హాలియా దగ్గర ఊరు. నల్లగొండలో డిగ్రీ చదువుతూ హాస్టల్‌లో ఉంటున్నాను. ఫోన్‌లో ఇద్దరు కార్డులతో తలపడి ఒకరి టవర్లను ఒకరు పడగొట్టే క్లాష్ రాయల్ ఆటను మా హాస్టల్‌లో ఆడేవాళ్లు చాలామంది ఉన్నారు. దసరా సెలవులకు ఇళ్లకు వెళ్లేలోపు మాలో మేము ఒక పోటీ పెట్టుకుంటున్నాం. ప్రతి ఒక్కరూ ముందుగానే తమ డెక్‌ను, అంటే ఆడబోయే ఎనిమిది కార్డులను, రాసి ఇవ్వాలి, పోటీ ముగిసేవరకు అందులో ఒక్క కార్డు కూడా మార్చకూడదు అన్నది మేము పెట్టుకున్న నియమం. ఫ్రెండ్లీ మ్యాచ్‌లు కాబట్టి కార్డుల లెవల్ అందరికీ సమానంగా ఉంటుంది, కనుక ఎవరి డెక్ కూర్పు బాగుందో, ఎవరు బాగా ఆడతారో అన్నదే తేలుతుంది.

ప్రస్తుతం నా డెక్‌లో మెగా నైట్, ఎలైట్ బార్బేరియన్స్, విజార్డ్, విచ్, ప్రిన్స్, హాగ్ రైడర్, ఫైర్‌బాల్, స్కెలిటన్ ఆర్మీ ఉన్నాయి. విడివిడిగా చూస్తే ఇవన్నీ గట్టి కార్డులే. ఎదుటివాడు నెమ్మదిగా ఆడేవాడైతే మొదటి రెండు నిమిషాల్లోనే ఒక టవర్ పడగొడుతున్నాను. కానీ రెండు రకాల ఆటగాళ్ల ముందు మాత్రం ఈ డెక్ నిలవడం లేదు. చిన్న చిన్న కార్డులతో వేగంగా ఆడేవాళ్లు ఒకరు, బెలూన్ గానీ లావా హౌండ్ గానీ పెట్టుకుని గాలిలో వచ్చేవాళ్లు మరొకరు. ఒకరి కోసం కార్డు మారిస్తే రెండోవారి చేతిలో దెబ్బ తగులుతోంది.

వీడియోల్లో చూపించే డెక్‌ను యథాతథంగా దించుకోవడం నాకు ఇష్టం లేదు. ఎనిమిది కార్డులను ఎంచుకునేటప్పుడు ఏం ఆలోచించాలి, ఏ లెక్క చూసుకోవాలి అన్నది తెలుసుకోవాలని ఉంది. ఆటలో నేను డబ్బు పెట్టను, గోల్డ్ కూడా పరిమితంగానే వస్తుంది. అందువల్ల పోటీ అయిపోయిన తర్వాత ఆన్‌లైన్‌లో తెలియనివాళ్లతో ఆడే ట్రోఫీల ఆటలో కూడా ఇదే డెక్‌ను కొనసాగించాలని అనుకుంటున్నాను. అనుభవం ఉన్న అన్నలు, అక్కలు దయచేసి వివరంగా చెప్పండి.

నాగర్‌కర్నూల్ లెక్కల టీచర్

తమ్ముడూ, మీ ప్రశ్న చాలా బాగుంది. ఏ డెక్ పెట్టుకోవాలని కాకుండా ఎలా కూర్చుకోవాలని అడిగారు కాబట్టి నేను లెక్కతోనే మొదలుపెడతాను.

మీ ఎనిమిది కార్డుల ఎలిక్సర్ (కార్డు వేయడానికి కావలసిన శక్తి) ఖర్చు వరుసగా 7, 6, 5, 5, 5, 4, 4, 3. మొత్తం 39. సగటు 4.9కి దగ్గరగా ఉంది. ఆటలో మామూలు సమయంలో ఒక ఎలిక్సర్ పుట్టడానికి 2.8 సెకన్లు పడుతుంది, ఎప్పుడైనా 10కి మించి నిల్వ ఉండదు. చేతిలో ఎప్పుడూ నాలుగు కార్డులే ఉంటాయి. వేసిన కార్డు వరుసలో చివరికి వెళ్లిపోతుంది, మరో నాలుగు కార్డులు వేస్తే తప్ప అది తిరిగి చేతికి రాదు. ఈ మూడు నియమాలను కలిపి చూస్తే మీ ఇబ్బంది ఎక్కడుందో కాగితం మీదే కనిపిస్తుంది. మీరు హాగ్ రైడర్‌ను ఒకసారి వేశాక దాన్ని మళ్లీ వేయాలంటే, మిగిలినవాటిలో అన్నిటికంటే చవకైన నాలుగింటిని, అంటే 3, 4, 5, 5 వేయాలి. అది 17. హాగ్‌కు మరో 4 కలిపితే 21. దానిని 2.8తో గుణిస్తే 58.8 సెకన్లు. అంటే ఒక్క చుక్క ఎలిక్సర్ వృథా చేయకుండా ఆడినా మీ హాగ్ నిమిషానికి ఒక్కసారే వంతెన దాటుతుంది.

ఇప్పుడు వేగంగా ఆడేవాళ్ల లెక్క చూడండి. హాగ్ రైడర్, మస్కెటీర్, ఐస్ గోలెమ్, ఐస్ స్పిరిట్, స్కెలిటన్స్, కానన్, ఫైర్‌బాల్, లాగ్ ఉన్న డెక్ చాలాకాలంగా అందరికీ తెలిసినదే. దాని మొత్తం 21, సగటు 2.6. వాళ్లు హాగ్‌ను మళ్లీ వేయడానికి 1, 1, 2, 2, ఆపై 4, మొత్తం 10 ఎలిక్సర్ చాలు, అంటే 28 సెకన్లు. మీరు ఒకసారి దాడి చేసేలోపు వాళ్లు రెండుసార్లు చేస్తారు. మీ కార్డులు బలహీనమైనవి కావు. అవి చేతికి తిరిగి వచ్చే సమయానికి ఆట చేయి దాటిపోతోంది, అంతే.

రెండో లెక్క మొదటి చేతికి సంబంధించినది. మ్యాచ్ మొదలైనప్పుడు ఎనిమిదిలో నాలుగు కార్డులు చేతికి వస్తాయి. నాలుగింటిని 70 రకాలుగా ఎంచుకోవచ్చు. డెక్‌లో గాలిలోని శత్రువును కొట్టగల సైన్యం ఒక్కటే ఉంటే, అది మొదటి చేతిలో ఉండే అవకాశం సరిగ్గా సగం. అలాంటివి రెండు ఉంటే కనీసం ఒకటి చేతిలో ఉండే అవకాశం 70లో 55, అంటే దాదాపు 79 శాతం. మూడు ఉంటే 70లో 65, దాదాపు 93 శాతం. మీ డెక్‌లో విజార్డ్, విచ్ ఉన్నాయి కాబట్టి సంఖ్య తక్కువేమీ కాదు. కానీ రెండూ 5 ఎలిక్సర్ కార్డులు, రెండూ గుంపుగా కలిసి నిలబడితే ఎదుటివాడి ఫైర్‌బాల్‌కో లైట్నింగ్‌కో ఒకేసారి చిక్కుతాయి. మెగా నైట్, ఎలైట్ బార్బేరియన్స్, ప్రిన్స్, స్కెలిటన్ ఆర్మీ గాలిలోకి చూడనే చూడవు, హాగ్ రైడర్ కట్టడాలను తప్ప దేనినీ కొట్టడు. బెలూన్ ముందు మీరు ఎందుకు ఓడుతున్నారో ఇక్కడే ఉంది.

నేను డెక్‌ను చూసేటప్పుడు ప్రతి కార్డునూ రెండు ప్రశ్నలు అడుగుతాను. దాడిలో నీ పని ఏమిటి, రక్షణలో నీ పని ఏమిటి అని. రెండింటికీ జవాబు ఉన్న కార్డుకు నా డెక్‌లో ముందు చోటు దొరుకుతుంది. మస్కెటీర్‌ను తీసుకోండి. 4 ఎలిక్సర్‌తో దూరం నుంచి నేలనూ గాలినీ కొడుతుంది, రక్షణలో బతికి బయటపడితే దాని ముందు హాగ్‌ను వేయగానే అదే దాడి అవుతుంది. వాల్కిరీ చుట్టూ ఉన్న గుంపును ఒకేసారి ఊడ్చేస్తుంది, ఆ తర్వాత ముందు నడిచి దెబ్బలు కాస్తుంది. ప్రిన్స్ అలా కాదు. పరుగు అందుకుంటే భయంకరమైనదే, కానీ ఎదుటివాడు ఒక్క ఎలిక్సర్ స్కెలిటన్స్‌ను దారిలో పడేస్తే ఆ పరుగు అక్కడే ఆగిపోతుంది. 5 పెట్టిన మీకూ 1 పెట్టిన అతనికీ మధ్య 4 ఎలిక్సర్ తేడా వచ్చేస్తుంది.

టవర్‌ను పడగొట్టే బాధ్యత ఒక కార్డుకు స్పష్టంగా అప్పగించాలి. దానినే అందరూ విన్ కండిషన్ అంటారు. మీ డెక్‌లో ఆ బాధ్యత హాగ్ రైడర్‌దే. మిగిలిన పెద్ద కార్డులన్నీ టవర్ దాకా వెళ్లేలోపు ఎదురైన ప్రతి సైనికుడితోనూ తలపడతాయి. అందుకే హాగ్‌ను ఉంచి, అతనికి పనికొచ్చేవాళ్లను చుట్టూ చేర్చమంటాను. హాగ్ రైడర్ 4, వాల్కిరీ 4, మస్కెటీర్ 4, ఫైర్‌బాల్ 4, కానన్ 3, జాప్ 2, స్కెలిటన్స్ 1, ఐస్ స్పిరిట్ 1. మొత్తం 23, సగటు 2.9. హాగ్ తిరిగి రావడానికి 1, 1, 2, 3, ఆపై 4, అంటే 11 ఎలిక్సర్, 30.8 సెకన్లు. మీ పాత డెక్‌తో పోలిస్తే దాదాపు సగం సమయం.

ఫైర్‌బాల్‌తో పాటు జాప్ ఎందుకని అనుకోవచ్చు. సమాన లెవల్‌లో ఫైర్‌బాల్ ఒక్కటే పడితే ఎదుటివాడి మస్కెటీర్ కొసప్రాణంతో నిలుస్తుంది, వెంటనే జాప్ తగిలితే పోతుంది. స్కెలిటన్ ఆర్మీ 3 అయితే దాన్ని తుడిచే జాప్ 2. ఇన్ఫెర్నో టవర్ అనే కట్టడం మంట పెరుగుతున్నప్పుడు జాప్ వేస్తే అది మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఇలా ఒక పెద్ద స్పెల్ (మంత్రం కార్డు), ఒక చిన్న స్పెల్ లేని డెక్‌ను నేను ఎవరికీ సూచించను.

మిర్యాలగూడ

అక్క చెప్పిన లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే ఒక కార్డు విషయంలో నా అభిప్రాయం వేరు. ఐస్ స్పిరిట్ స్థానంలో మెగా మినియన్ ఉండాలి.

కారణం అక్క ఇచ్చిన శాతాల్లోనే ఉంది. ఆ డెక్‌లో గాలిని నిలకడగా కొట్టే సైన్యం మస్కెటీర్ ఒక్కటే. ఐస్ స్పిరిట్ గాలిలోకి కూడా ఎగిరి గడ్డకట్టిస్తుంది, కానీ ఒక్కసారి పేలాక అది ఉండదు. తమ్ముడికి బెలూన్‌తోనే ఇబ్బంది అన్నప్పుడు సగం మ్యాచ్‌లలో మొదటి చేతిలో గాలికి సమాధానం లేకుండా మొదలుపెట్టమనడం నాకు నచ్చలేదు. మెగా మినియన్‌ను చేరిస్తే మొత్తం 25, సగటు 3.1 అవుతుంది. హాగ్ తిరిగి రావడానికి 13 ఎలిక్సర్, అంటే 36.4 సెకన్లు పడుతుంది. దాదాపు ఆరు సెకన్ల వేగం పోగొట్టుకుని గాలిలో రెండో కాపలాదారును సంపాదించుకుంటున్నాం. ఇది లాభమైన బేరమే.

ఇంకో విషయం కూడా చూడాలి. మన పల్లెల్లో నెట్‌వర్క్ ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. హాస్టల్ గదిలో ఒక మూల సిగ్నల్ ఉంటే ఇంకో మూల ఉండదు. ఐస్ స్పిరిట్, స్కెలిటన్స్ లాంటి కార్డులను సరైన గడిలో, సరైన క్షణంలో వేస్తేనే విలువ ఉంటుంది. వేలు తీసిన అర సెకను తర్వాత కార్డు పడితే హాగ్ అప్పటికే టవర్ మీద సుత్తితో ఒక దెబ్బ వేసి ఉంటాడు. కానన్ అలాంటిది కాదు, అది ఒక చోట నిలబడి కొట్టే కట్టడం. దాన్ని కాస్త ముందే వేసి పెట్టుకోవచ్చు, ఆలస్యాన్ని తట్టుకుంటుంది. సిగ్నల్ నమ్మకంగా లేని చోట ఆడేవాళ్లు పూర్తిగా చిన్న కార్డుల మీద ఆధారపడిన డెక్‌కు దూరంగా ఉండటం మంచిదని నా గట్టి నమ్మకం.

కానన్‌ను ఎక్కడ వేయాలో కూడా చెబుతాను, ఎందుకంటే ఈ డెక్‌లో సగం రక్షణ దాని మీదే నిలబడింది. ఏటి ఒడ్డు నుంచి నాలుగు గడులు వెనక్కి వచ్చి, రెండు టవర్లకూ నడిమధ్యన వేయండి. ఎడమ వంతెన మీదుగా వచ్చే హాగ్ తన దారి వదిలి కానన్ వైపు తిరుగుతాడు, అప్పుడు ఎడమ టవరూ కుడి టవరూ రెండూ అతన్ని కొడతాయి. 4 పెట్టిన ఎదుటివాడికి మనం 3తో జవాబు చెప్పినట్టవుతుంది. కానన్ గాలిలో ఉన్నదాన్ని కొట్టలేదు కాబట్టి బెలూన్‌కు పనికిరాదని చాలామంది అనుకుంటారు. బెలూన్, లావా హౌండ్ రెండూ కట్టడాల కోసమే వెతుకుతాయి. అందువల్ల కానన్ ఉంటే అవి కూడా దానివైపే లాగబడతాయి, ఆలోపు మస్కెటీర్‌కు, మెగా మినియన్‌కు, రెండు టవర్లకు కొట్టడానికి సమయం దొరుకుతుంది. బెలూన్‌ను చూశాక కంగారుగా వేయడం కాదు, అది వంతెన దాటకముందే వేయాలి.

పాలమూరు పాఠకుడు

నేను క్లాష్ రాయల్ కంటే హార్త్‌స్టోన్ అనే మరో కార్డుల ఆట ఎక్కువ ఆడాను, మ్యాజిక్ అనే కార్డుల ఆట గురించి కూడా ఇష్టంగా చదువుతుంటాను. ఆ ఆటల నుంచి ఇక్కడికి పనికొచ్చే సంగతి ఒకటి ఉంది.

ఖర్చుల క్రమాన్ని చూసుకుని డెక్ కూర్చే పద్ధతి కొత్తది కాదు. 1996లో అమెరికాలోని అట్లాంటాలో జరిగిన ఒక మ్యాజిక్ అర్హత పోటీలో పాల్ స్లై అనే ఆటగాడు రెండో స్థానంలో నిలిచాడు. అతను ఆడిన డెక్‌ను రూపొందించినది జే ష్నైడర్. అందులో చాలా కార్డులు అప్పటి ఆటగాళ్లు పనికిరానివని పక్కన పెట్టినవే. కానీ ప్రతి వంతులోనూ చేతిలో ఉన్న వనరు మొత్తం ఖర్చయ్యేలా చవక కార్డులు ఎన్ని, ఖరీదైనవి ఎన్ని అన్నది లెక్కగట్టి పేర్చారు. ఎదుటివాళ్లు తమ పెద్ద కార్డు వేయడానికి వనరులు కూడబెట్టుకునేలోపు ఈ చిన్న కార్డులు పని ముగించేవి. అప్పటి నుంచి ఆ ధోరణి డెక్‌లకు స్లై అనే పేరే స్థిరపడిపోయింది. లెక్కల టీచర్ గారు చెప్పిన 39కీ 23కీ తేడా వెనుక ఉన్నది కూడా ఇదే సూత్రం.

హార్త్‌స్టోన్ డెక్‌లో 30 కార్డులు ఉంటాయి, ఒకే కార్డును రెండు వరకు పెట్టుకోవచ్చు, లెజెండరీ అనే అరుదైన కార్డు అయితే ఒక్కటే. అక్కడ ఏదో ఒక ప్రత్యర్థి కోసమే ఒక ప్రత్యేకమైన కార్డు పెట్టుకుంటే డెక్‌లో ముప్పయ్యో వంతు మాత్రమే దానికి పోతుంది. క్లాష్ రాయల్‌లో ఎనిమిదో వంతు పోతుంది. పైగా అది ప్రతి చుట్టులోనూ చేతికి వచ్చి ఒక చోటు ఆక్రమిస్తుంది. కాబట్టి కేవలం ఒక శత్రువు కోసం మాత్రమే పనిచేసే కార్డు ఇక్కడ చాలా ఖరీదైన విలాసం. మిర్యాలగూడ సోదరుడు సూచించిన మెగా మినియన్ ఈ పరీక్షలో నెగ్గుతుంది, ఎందుకంటే గాలిలోని శత్రువులు రాని మ్యాచ్‌లో కూడా అది నేల మీద వచ్చే మస్కెటీర్‌నో హాగ్‌నో కొట్టి, ఆ తర్వాత దాడిలో కలుస్తుంది. ఇన్ఫెర్నో టవర్ పెట్టుకోమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం కాస్త ఆలోచించండి. గోలెమ్‌ను కరిగించడంలో దానికి సాటి లేదు, కానీ 5 ఎలిక్సర్ పెట్టి కట్టాక ఎదుటివాడు చిన్న సైనికుల గుంపును పంపితే అది దిక్కులు చూస్తుంది.

అన్ని రకాల ఆటగాళ్లనూ ఒకే డెక్‌తో ఎదుర్కోవడం కష్టమని పోటీలు నిర్వహించేవాళ్లకూ తెలుసు. హార్త్‌స్టోన్ పోటీల్లో ఒక్కొక్క ఆటగాడు వేర్వేరు తరగతులకు చెందిన కొన్ని డెక్‌లు తెచ్చుకుంటాడు, వాటిలో ఒకదాన్ని ప్రత్యర్థి నిషేధిస్తాడు. 2018లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఈ-స్పోర్ట్స్‌ను ప్రదర్శన క్రీడగా పెట్టినప్పుడు మన దేశం నుంచి తీర్థ్ మెహతా హార్త్‌స్టోన్‌లో కాంస్యం గెలిచాడు. అప్పుడు పెట్టిన ఆరు ఆటల జాబితాలో క్లాష్ రాయల్ కూడా ఉంది. మీ హాస్టల్ పోటీలో మార్పుకు వీలు లేదు కాబట్టి మీకు కావలసింది అందరినీ చిత్తుచేసే డెక్ కాదు, ఎవరి ముందూ పూర్తిగా చేతులెత్తేయని డెక్. ఈ రెండింటి కూర్పు వేరుగా ఉంటుంది. మొదటిదానికి బలమైన కార్డులు కావాలి, రెండోదానికి ఖాళీలు లేకపోవడం కావాలి.

హాలియా కుర్రాడు

అక్కా, అన్నలారా, ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. మీరు చెప్పిన డెక్‌తో మా గదిలోవాళ్లతో ఆడి చూస్తున్నాను. మెగా మినియన్‌నే ఉంచాను. రెండు సందేహాలు మిగిలాయి. మెగా నైట్‌ను తీసేశాక పెక్కా గానీ గోలెమ్ గానీ వస్తే ఆపడానికి నా దగ్గర బరువైన కార్డు ఏదీ లేదనిపిస్తోంది. రెండోది, మా హాస్టల్‌లో మినియన్ హోర్డ్ వాడేవాళ్లు చాలా ఎక్కువ. దానికి జాప్ సరిపోవడం లేదు.

నాగర్‌కర్నూల్ లెక్కల టీచర్

బరువును బరువుతోనే ఆపాలన్న నియమం లేదు తమ్ముడూ. పెక్కా 7 ఎలిక్సర్ కార్డు, నేల మీదివాళ్లనే కొడుతుంది, ఒక దెబ్బకు ఒక్కరినే. అది వంతెన దాటగానే కానన్‌ను నడిమధ్యన వేసి, అది అటు తిరిగాక మస్కెటీర్‌ను దూరంగా, పెక్కాకు అందని చోట నిలబెట్టండి. కానన్ కూలిపోయే సమయానికి స్కెలిటన్స్‌ను దాని పాదాల దగ్గర వేస్తే ఒక్కొక్కదానికీ ఒక్కొక్క దెబ్బ వృథా చేసుకుంటుంది, ఆ సమయమంతా రెండు టవర్లూ కొడుతూనే ఉంటాయి. 3, 4, 1 కలిపి 8 ఎలిక్సర్ పెట్టినట్టు కనిపిస్తుంది, కానీ మస్కెటీర్ బతికే ఉంటుంది కాబట్టి మీ తర్వాతి దాడికి అది ఉచితంగా వచ్చినట్టే.

గోలెమ్ 8. దాన్ని ఎదుటివాడు తన టవర్ వెనుక వేసిన క్షణంలో అతని దగ్గర మిగిలేది 2 ఎలిక్సరే. ఆ క్షణంలో రెండోవైపు దారిలో హాగ్‌ను పంపండి. అతను ఆపడానికి ఖర్చు పెడితే గోలెమ్ వెనుక నిలబడాల్సిన సైన్యం తగ్గిపోతుంది, పెట్టకపోతే టవర్‌కు గట్టి దెబ్బ తగులుతుంది. లావా హౌండ్ 7 కాబట్టి దానికీ ఇదే పద్ధతి పనిచేస్తుంది, ఆ తర్వాత మస్కెటీర్, మెగా మినియన్ రెండింటినీ రక్షణకు దాచుకోవాలి. హౌండ్ పగిలినప్పుడు బయటికొచ్చే ఆరు పిల్లల మీద జాప్ గానీ ఫైర్‌బాల్ గానీ సిద్ధంగా ఉంచుకోండి. ఆఖరి నిమిషంలో ఎలిక్సర్ రెట్టింపు వేగంతో వస్తుంది, అప్పుడు బరువైన డెక్‌లకు ఊపిరి అందుతుంది. కనుక మొదటి రెండు నిమిషాల్లోనే మీ లాభం మీరు తీసుకోవాలి.

మినియన్ హోర్డ్ విషయంలో మీరు చెప్పినది చాలా విలువైన సమాచారం. ట్రోఫీల ఆటలో ఎవరు ఎదురవుతారో తెలియదు, మీ పోటీలో మాత్రం ఎవరి అలవాటు ఏమిటో మీకు తెలుసు. అలాంటప్పుడు జాప్ తీసి యారోస్ పెట్టుకోవడం సరైన నిర్ణయమే. హోర్డ్ 5, యారోస్ 3, ప్రతిసారీ మీకు 2 ఎలిక్సర్ మిగులుతుంది, ఫైర్‌బాల్ కూడా మస్కెటీర్ లాంటివాళ్ల కోసం చేతిలో ఉండిపోతుంది. సగటు 3.25కు పెరుగుతుంది, హాగ్ తిరిగి రావడానికి 14 ఎలిక్సర్, 39.2 సెకన్లు అవుతుంది. ఇంతకంటే పైకి మాత్రం వెళ్లనివ్వకండి. ఇన్ఫెర్నో టవర్ వాడేవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారేమో కూడా ఒకసారి చూసుకోండి, ఎందుకంటే జాప్‌తో పాటు ఆ జవాబు కూడా వెళ్లిపోతుంది.

దేవరకొండ

గోల్డ్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఒక లెవల్ పెరిగితే కార్డు ప్రాణం, దెబ్బ సుమారు పది శాతం పెరుగుతాయి. ట్రోఫీల ఆటలో ఎదుటివాడి కార్డులు మీకంటే రెండు లెవళ్లు పైన ఉంటే ఇక్కడ చెప్పిన లెక్కలు కొన్ని తప్పుతాయి. అందుకే గోల్డ్‌ను పది డెక్‌ల మీద చల్లకుండా ఈ ఎనిమిది కార్డుల మీదే పెట్టాలి.

ఈ కొత్త డెక్‌లో నాకు బాగా నచ్చినది ఏమిటంటే ఇందులో దొరకడం బాగా కష్టమైన ఎపిక్, లెజెండరీ రకం కార్డు ఒక్కటీ లేదు. కానన్, యారోస్, స్కెలిటన్స్ కామన్ కార్డులు. హాగ్, వాల్కిరీ, మస్కెటీర్, మెగా మినియన్, ఫైర్‌బాల్ రేర్ కార్డులు. మీ పాత డెక్‌లో ప్రిన్స్, విచ్, స్కెలిటన్ ఆర్మీ మూడూ ఎపిక్, మెగా నైట్ లెజెండరీ. డబ్బు పెట్టకుండా ఆడేవాళ్లకు కామన్, రేర్ కార్డులే తొందరగా పోగవుతాయి. హాగ్, ఫైర్‌బాల్ మీద మీరు ఇప్పటికే పెట్టిన గోల్డ్ కూడా వృథా కాదు. ముందు ఫైర్‌బాల్, యారోస్ లెవల్ పెంచండి. స్పెల్ ఒక లెవల్ వెనకబడితే చావాల్సిన సైన్యం బతికి బయటపడుతుంది, మిగిలిన కార్డుల్లో ఆ తేడా అంత స్పష్టంగా కనిపించదు. మెగా నైట్‌ను కూడా వదిలేయకండి. ఆటలోని జట్ల మధ్య జరిగే క్లాన్ వార్‌లో నాలుగు డెక్‌లు కావాలి, ఒకదానిలో వాడిన కార్డు ఇంకోదానిలో ఉండకూడదు, మొత్తం 32 వేర్వేరు కార్డులు. మీ పాత డెక్‌లోని పెద్ద కార్డులు అక్కడ పనికొస్తాయి.

మిర్యాలగూడ

హాగ్, వాల్కిరీ, మస్కెటీర్, మెగా మినియన్, కానన్, స్కెలిటన్స్, ఫైర్‌బాల్, యారోస్. మొత్తం 26. నేను కూడా ఒప్పుకుంటాను, దీన్నే రాసి ఇచ్చేయండి తమ్ముడూ. ఇక కార్డులు మార్చే ఆలోచన మానేసి, మీ హాస్టల్‌లో లావా హౌండ్ ఆడే మిత్రుడిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. అతను హౌండ్ వేసిన వెంటనే రెండోవైపు హాగ్ వేయడం, ఆ వెంటనే మిగిలిన ఎలిక్సర్‌ను రక్షణకు ఆపుకోవడం, ఈ రెండూ చేతికి అలవాటయ్యేదాకా అదే మ్యాచ్‌ను మళ్లీ మళ్లీ ఆడండి. తర్వాత మీరే అతని డెక్ తీసుకుని, మీ డెక్ అతని చేతికి ఇచ్చి ఆడి చూడండి. మీ కానన్ ఏ సమయంలో పడితే బెలూన్ ఆడేవాడికి ఎక్కువ చికాకు కలుగుతుందో అటువైపు కూర్చుంటేనే బాగా తెలుస్తుంది.